తమ్ముణ్ణి పెద్దమామకు దత్తత ఇచ్చినం. ఇప్పుడు చిన్నమామ బిడ్డ వాడికి మరదలా, చెల్లెనా?

హన్మకొండ_అక్క
మా ఇంట్ల ఒకటే లొల్లి నడుస్తున్నది. తెలిసినోళ్ళు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి.

మా అమ్మకు ఇద్దరు తమ్ముళ్ళు. పెద్దమామకు పిల్లలు కాలేదు. మా తమ్ముడు నాలుగేండ్ల పిలగాడు ఉన్నప్పుడు, 2001ల, పెద్దమామకు దత్తత ఇచ్చిన్రు. అప్పటిసంది నర్సంపేట దిక్కు మామోళ్ళ ఊర్లనే పెరిగిండు. ఇంటిపేరు మారింది. బడి కాయితాలు, ఆధార్, అన్నిట్ల తండ్రి పేరు పెద్దమామదే. మామను నాయిన అంటడు, అత్తను అమ్మ అంటడు.

చిన్నమామకు ఒక బిడ్డ. ఆ పిల్లా, మా తమ్ముడూ ఇష్టపడ్డరు. అమ్మమ్మకైతే కాలు నేల మీద ఆగుతలేదు, మనుమడు మనుమరాలు ఒక్కటైతున్నరని. మాఘమాసంల పూలుపండ్లు పెట్టుకుందామనుకున్నం. గింతల అత్త తరపు చుట్టం ఒకాయన, కోర్టుల పనిచేస్తడు, "ఇది మేనరికం కాదు, అన్నాచెల్లెండ్ల లగ్గం అయితది, చెల్లది" అన్నడు. ఇంటిల్లిపాది నోళ్ళు మూతపడ్డయి. నిజమేనా? పుట్టుకతోని చూస్తే ఆ పిల్ల వానికి సక్కగ మేనమామ బిడ్డే గదా.

పరకాల_పటేల్
మేనమామ బిడ్డ అంటే హక్కు. ఎవడో ఏదో అన్నడని లగ్గం ఆపుతరా? చేసేయుండ్రి.

గీసుగొండ_రైతు
పటేలా, హక్కు ఎట్లయితది? ఆ పోరడు ఇప్పుడు మామ కొడుకు. మామ తమ్ముని బిడ్డ అంటే చిన్నాయిన బిడ్డ. మన దిక్కు చిన్నాయిన బిడ్డను ఎవరన్న చేసుకుంటరా? ఇంటిపేరు కూడ ఒక్కటే ఉంటది, లగ్నపత్రిక మీద ఎట్ల రాస్తరు?

పరకాల_పటేల్
ఇంటిపేరు కాయితం మీద మారింది, రక్తం మారిందా?

నల్లకోటు_వరంగల్
ఇంటిపేరు, గోత్రం పక్కన పెట్టండి. ఒకే గోత్రమైనంత మాత్రాన పెళ్ళి చెల్లకుండా పోదు, ఆ అడ్డంకిని 1946లోనే చట్టం తీసేసింది. ఇక్కడ అసలు ప్రశ్న వరస. అదీ దత్తత చట్టప్రకారం జరిగిందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంది.

హన్మకొండ అక్కా, కొన్ని అడుగుతాను, చెప్పండి. దత్తత పత్రం రిజిస్టర్ అయిందా? పిల్లవాణ్ణి ఇచ్చి పుచ్చుకునే కార్యం జరిగిందా? ఎవరెవరు ఉన్నారు? అప్పటికి మీ పెద్దమామకు మగపిల్లలు ఎవరూ లేరు కదా?

జగిత్యాల_చిన్నమ్మ
మా ఇంట్ల మా ఆయన తమ్ముణ్ణి వాళ్ళ మేనమామ సాదుకున్నడు. తర్వాత ఆ మామ తమ్ముని బిడ్డనే ఇచ్చి చేసిన్రు. ఇద్దరు పిల్లలు, మంచిగున్నరు. ఎవ్వరూ ఏమనలే.

నల్లకోటు_వరంగల్
చిన్నమ్మా, సాదుకున్నరా, దత్తత తీసుకున్నరా? రెండూ ఒకటి కావు.

జగిత్యాల_చిన్నమ్మ
సాదుకున్నరు అంతే. బళ్ళె మా మామగారి పేరే రాసిన్రు. ఆస్తి కూడ ఇక్కడిదే పంచుకున్నడు.

నల్లకోటు_వరంగల్
అయితే ఆయన ఎప్పుడూ మీ మామగారి కొడుకే. మేనమామ ఇంట్లో పెరిగాడు, అంతే. ఆ పెళ్ళి పక్కా మేనరికం, ఏ ఇబ్బందీ లేదు.

హన్మకొండ_అక్క
రిజిస్టర్ కాలే. 20 రూపాయల స్టాంపు కాయితం మీద రాసిన్రు. మా బాపు, అమ్మ, పెద్దమామ సంతకాలున్నయి. సర్పంచ్, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు సాక్షి సంతకం పెట్టిన్రు. మామకు అప్పుడూ పిల్లలు లేరు, తర్వాతా కాలేదు.

కార్యం మామోళ్ళ వాకిట్లనే అయింది. ఫోటో ఉన్నది మా దగ్గర. గొంగడి మీద మామ కూసున్నడు. తమ్ముడు కొత్త అంగి ఏసుకొని మామ ఒళ్ళె ఉన్నడు, అంగి చేతులు పొడుగై వేళ్ళు కూడ కనిపిస్తలేవు. బాపు వాని చెయ్యి పట్టుకొని మామ చేతుల పెడుతున్నడు. ముంగట తాంబాళంల కొబ్బరికాయ, కుడుకలు, పసుపు బట్ట. అమ్మ మొకం పక్కకు తిప్పుకున్నది. పంతులు వచ్చిండు గని హోమం చెయ్యలే.

నల్లకోటు_వరంగల్
హోమం లేకపోయినా చెల్లుతుంది. 1956 దత్తత చట్టంలో 11వ సెక్షన్ ప్రకారం కావలసింది ఇచ్చిపుచ్చుకోవడం, దత్తహోమం తప్పనిసరి కాదని అక్కడే రాసి ఉంది. రిజిస్టర్ అయి ఉంటే దత్తత జరిగిందని కోర్టే అనుకుంటుంది, కాకుంటే సాక్ష్యంతో నిరూపించాలి. మీ దగ్గర కాయితం, ఫోటో, పెద్దమనుషులు ముగ్గురూ ఉన్నారు. పిల్లవాడి వయసు 15 ఏళ్ళలోపే.

కాబట్టి ఇప్పుడు వరస ఇలా ఉంది. 12వ సెక్షన్ ప్రకారం దత్తత రోజు నుంచి వాడు పెద్దమామ కొడుకు, పుట్టినింటి బంధుత్వాలు చట్టం దృష్టిలో తెగిపోయాయి. హిందూ వివాహ చట్టం 1955లో 3(జి)లో నిషిద్ధ సంబంధాల జాబితా ఉంది. ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు అందులో ఉన్నారు. దాని కింద వివరణలో, దత్తత వల్ల వచ్చిన బంధుత్వం కూడా రక్తబంధుత్వంతో సమానమే అని స్పష్టంగా ఉంది. అందుకే చిన్నమామ బిడ్డ ఇవాళ మీ తమ్ముడికి చిన్నాన్న కూతురు. ఆ పెళ్ళి వివాహ చట్టంలోని 11వ సెక్షన్ కింద మొదటి నుంచీ చెల్లదు.

కాజీపేట_జంక్షన్
ఒక్క నిమిషం. పుట్టినింటి సంబంధం తెగిపోయిందంటే హన్మకొండ అక్క కూడ ఆ తమ్మునికి మేనత్త బిడ్డ అయింది. గట్లయితే అక్కను కూడ చేసుకోవచ్చునా? ఏం చట్టమయ్యా ఇది!

హన్మకొండ_అక్క
ఛీ, ఏం మాటలు అవి.

నల్లకోటు_వరంగల్
కాజీపేట వాళ్ళు అడిగింది సరైన ప్రశ్నే అక్కా, కోపం చేసుకోకండి. సరిగ్గా దానికోసమే 12వ సెక్షన్‌లో ఒక మినహాయింపు పెట్టారు. పుట్టినింట్లోనే ఉండి ఉంటే ఎవరిని చేసుకోకూడదో, దత్తత తర్వాత కూడా వాళ్ళను చేసుకోకూడదు. పాత అడ్డంకులు అలాగే ఉంటాయి, కొత్తింటి అడ్డంకులు వాటి మీద వచ్చి చేరతాయి. పాత ఇంట్లో ఉండే అవకాశాలను మాత్రం ఆ మినహాయింపు కాపాడదు. మీ తమ్ముడి విషయంలో జరిగింది అదే.

దుబాయ్_మెట్‌పల్లి
ఆచారం ఉంటే చట్టం ఒప్పుకుంటది అంటరు గదా? మా బాపు అక్క బిడ్డనే చేసుకున్నడు. పుస్తకంల అది కూడ నిషిద్ధమే అని చదివిన.

నల్లకోటు_వరంగల్
నిజమే. మేనమామ మేనకోడలు, అత్త కొడుకు మామ కూతురు, ఈ రెండూ 3(జి) జాబితాలో ఉన్నాయి. కానీ 5వ సెక్షన్‌లో ఇద్దరి ఆచారం ఒప్పుకుంటే చేసుకోవచ్చు అని ఉంది. మనకు మేనరికం తరతరాల ఆచారం కాబట్టి చెల్లుతున్నాయి. ఆచారం అంటే చాలాకాలంగా, తెగకుండా, అందరూ ఒకే తీరుగా పాటిస్తున్నదై ఉండాలి. చిన్నాన్న కూతుర్ని చేసుకునే ఆచారం మా కులంలో ఉంది అని ఈ జిల్లాల్లో ఏ పెద్దమనిషి కోర్టుకొచ్చి చెప్తాడు?

సపిండ నిషేధం, అంటే తల్లి తండ్రి వైపు కొన్ని తరాల్లోపు బంధువులు పెళ్ళి చేసుకోకూడదన్న నియమం, తీసేయాలని ఒకామె ఢిల్లీ హైకోర్టుకు పోతే 2024 జనవరిలో కొట్టేశారు. ఆచారం నిరూపించే బరువు చెప్పుకునేవాళ్ళ మీదే.

గీసుగొండ_రైతు
నేను మొదలే చెప్పిన.

మట్టెవాడ_భాయ్
మా దగ్గర లెక్క వేరే. చిన్నాయిన బిడ్డ, పెద్దనాయిన బిడ్డ, మేనమామ బిడ్డ, ఎవరినైనా చేసుకోవచ్చు. అక్క బిడ్డను మాత్రం అస్సలు కుదరదు, మీ ఇండ్లల్ల అది చూస్తే మా అమ్మ చెవులు మూసుకుంటది. పిల్లలను సాదుకోవచ్చు గని కన్న తండ్రి పేరు మారదు, వరసా మారదు.

మాకు పెద్ద విషయం పాలు. మా అక్కకు బాలెంతప్పుడు పాలు పడకపోతే మా అమ్మ ఆ పిలగానికి తన పాలిచ్చింది, నా చిన్న తమ్ముడు అప్పుడు చంటోడు. దానితోని ఆ మేనల్లుడు నాకు పాల తమ్ముడు అయిండు. ఇప్పుడు నా బిడ్డను వానికి ఇయ్యలేను. మామూలుగా అయితే చేసుకునే వరసే.

కాజీపేట_జంక్షన్
భాయ్, ఇది నాకు తెల్వనే తెల్వదు. మంచి ముచ్చట చెప్పినవ్.

ఫాతిమానగర్_జో
మా కాథలిక్కులకు మేనరికమైనా బిషప్ గారి అనుమతి కావాలె. అనుమతి కాయితం లేంది ఫాదర్ పెండ్లి చేయడు. దత్తత సంగతి కూడ చర్చి చట్టంల ఉంది, 1983ది. దత్తత తీసుకున్న తల్లిదండ్రులు, ఆ ఇంట్ల అన్నదమ్ములు అక్కచెల్లెండ్ల వరకే అడ్డం. దత్తత తోని వచ్చిన చిన్నాయిన బిడ్డ అయితే మాకు అడ్డం కాదు. మీ తమ్మునికి మా లెక్క అయితే మామ బిడ్డ కాబట్టి బిషప్ అనుమతి ఒక్కటి అడగాల్సి వస్తుండె.

ఉట్నూరు_పోరడు
గోండులల్ల ఇంకో తీరు. నాలుగు దేవుండ్లోళ్ళు, ఐదు, ఆరు, ఏడు దేవుండ్లోళ్ళు అని సగలు ఉంటయి. ఒకే సగ అయితే ముఖం తెల్వనోళ్ళైనా అన్నదమ్ములే, లగ్గం చెయ్యరు. మాకు ఈ హిందూ వివాహ చట్టం వర్తించదు, ఎస్టీలకు కేంద్రం నోటిఫికేషన్ ఇస్తేనే వర్తిస్తదని 2వ సెక్షన్‌ల ఉంది. మా రాయి సెంటర్, అంటే మా గోండుల పంచాయితీ, పెద్దలు చెప్పిందే నడుస్తది.

దుబాయ్_మెట్‌పల్లి
అక్కా, గుళ్ళె కాకుండ రిజిస్టర్ మ్యారేజ్ చేసుకుంటే? స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద కులం లేదు మతం లేదు అంటరు.

నల్లకోటు_వరంగల్
అది ఇంకా గట్టిది. 1954 చట్టం వెనక మగవాడికి 37, ఆడమనిషికి 37 నిషిద్ధ సంబంధాల జాబితా ఉంది. చిన్నాన్న పెదనాన్న కూతురు, మేనత్త కూతురు, పిన్ని పెద్దమ్మ కూతురు, మేనమామ కూతురు, నలుగురూ అందులో ఉన్నారు. దానిలోనూ ఆచారం మినహాయింపు ఉంది కానీ, ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించి ఉండాలి. మామూలు మేనరికం జంటలు కూడా అందుకే ఆ దారిలో పోకుండా హిందూ వివాహ చట్టం కిందే రిజిస్టర్ చేయించుకోవడం మంచిది.

పరకాల_పటేల్
ఇన్ని ఎందుకు. ఆ దత్తత రద్దు చేసుకుంటే అయిపోయె. పిలగాడు మళ్ళ అక్క తమ్ముడు అయితడు, మామ బిడ్డ మరదలు అయితది. స్టాంపు కాయితం చింపేయుండ్రి.

నల్లకోటు_వరంగల్
సక్రమంగా జరిగిన దత్తతను ఎవరూ రద్దు చేసుకోలేరు. తీసుకున్నవాళ్ళూ చేయలేరు, పిల్లవాడూ తిరిగి పుట్టినింటికి పోలేడు. దత్తత చట్టం 15వ సెక్షన్. కాయితం చింపినా ఆ రోజు జరిగింది జరగనట్టు కాదు.

గీసుగొండ_రైతు
భూమి సంగతి ఏంది అక్కా? మామ భూమి ఆ పిలగాని పేరు మీద ఎక్కిందా? మా ఊర్ల ఇట్లనే ఒకడు పట్టా పాస్‌బుక్కు కాడ దత్తపుత్రుణ్ణి అన్నడు, లగ్గం కాడ కాదు అన్నడు. పాలోళ్ళు పట్టుకున్నరు. ఇప్పటికీ పొలం కాడికి పోతె కొట్లాటే.

హన్మకొండ_అక్క
మూడెకరాలు వాని పేరు మీదనే ఉన్నది. మామ ఇంకా ఎవుసం చేస్తున్నడు, వాడు హైదరాబాద్‌ల పని.

నల్లకోటు అన్నా, ఒక ముచ్చట చెప్పలే. దత్తత నాడు అత్త అక్కడ లేదు. మామతోని కొట్లాట అయ్యి పుట్టింటికి పోయి ఉండె. పిల్లలు కాలేదని అంతకు ముందు మామ ఏదో అన్నడట. తర్వాత వచ్చింది. వచ్చి పిలగాణ్ణి చూసి చాలా సేపు మాట్లాడలేదట. ఆ రాత్రి వానికి జరమొస్తె తనే ఎత్తుకొని కూసున్నదట. ఇగ అప్పటిసంది వాడే లోకం. ఆ స్టాంపు కాయితం మీద మాత్రం అత్త సంతకం లేదు.

నల్లకోటు_వరంగల్
ఇది పెద్ద విషయం అక్కా. మొత్తం కేసు ఇక్కడే ఉంది.

దత్తత చట్టం 7వ సెక్షన్ ప్రకారం భార్య బతికి ఉంటే ఆమె సమ్మతి లేకుండా భర్త దత్తత తీసుకోకూడదు, తీసుకుంటే చెల్లదు. 2011లో ఘీసాలాల్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. భార్య అక్కడ కూర్చుని ఊరికే చూసినంత మాత్రాన సమ్మతి కాదు, రాతపూర్వకంగానైనా ఉండాలి, లేదా తన ఇష్టంతో చేసిన ఏదో పనిలో అది తెలియాలి అని. మీ అత్త ఆ రోజు ఊళ్ళోనే లేదు. ఆమె ముందుగా ఒప్పుకోలేదని తేలితే దత్తతే చెల్లదు. అప్పుడు మీ తమ్ముడు చట్టం దృష్టిలో ఎప్పుడూ మీ బాపు కొడుకే. ఆ అమ్మాయి మేనమామ బిడ్డే.

కానీ పెళ్ళి చేసేసి తర్వాత చూద్దాం అనుకోవద్దు. ముందు సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా వేసి తేల్చుకోవాలి. దానికి మొదటి సాక్షి మీ అత్తే.

పరకాల_పటేల్
దొరికింది దారి! అత్తతోని ఒక్క మాట చెప్పిస్తే సరి.

జగిత్యాల_చిన్నమ్మ
పటేలా, ఆ ఒక్క మాట ఏందో ఆలోచించినవా? "నేను ఒప్పుకోలేదు, వీడు నా కొడుకు కాదు" అని జడ్జి ముందల చెప్పాలె. జరమొస్తె రాత్రంత ఎత్తుకున్న మనిషి.

కాజీపేట_జంక్షన్
ఇంకోటి, అది గెలిస్తే ఆ మూడెకరాలు?

నల్లకోటు_వరంగల్
భూమి అంత కష్టం కాదు. మామ వీలునామా రాయవచ్చు, గిఫ్ట్ డీడ్ చేయవచ్చు. కొడుకు కాకపోయినా మేనల్లుడికి ఇవ్వడాన్ని ఎవరూ ఆపలేరు. కాకుంటే హన్మకొండ అక్క వాళ్ళ బాపు ఆస్తిలో కూడా మళ్ళీ వాటా వస్తుంది.

దుబాయ్_మెట్‌పల్లి
అక్కా, నీ వాటాల సగం పాయె!

హన్మకొండ_అక్క
వాడు తీసుకుంటే నాకు సంతోషమే. ఆ నాలుగేండ్లోణ్ణి పంపినప్పటిసంది మా అమ్మ పండుగ పూట సరిగ తిన్నది లేదు.

నర్సంపేట_సిస్టర్
చట్టం నాకు తెల్వదు, ఆస్పత్రిల పనిచేస్త. కోర్టు ఏం చెప్పినా శరీరానికి వాళ్ళు మేనబావా మరదళ్ళే. మేనరికంల ఇద్దరి జన్యువుల్ల ఎనిమిదో వంతు ఒక్కటే ఉంటయి, అక్క బిడ్డ అయితే నాలుగో వంతు. లగ్గం అయినా కాకపోయినా తలసీమియా, సికిల్ సెల్ పరీక్ష ఇద్దరూ చేయించుకోవాలె. ఇంటి పెద్దలు దీనికి మొకం చిట్లిస్తరు గని వినొద్దు.

ములుగు_టీచర్
మధ్యల అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మా ఇంటి పక్కన ఒకామె భర్త చనిపోయిండు. అత్తమామలు మరిదితోని మారుమనువు చేద్దామంటున్నరు. వదినె మరిది లగ్గం చట్టంల ఉన్నదా?

నల్లకోటు_వరంగల్
అన్న భార్య అయినామె 3(జి) జాబితాలో ఉంది టీచర్ గారూ, అన్న చనిపోయినా సరే. ఆ కులంలో ఆచారం ఉంటేనే చెల్లుతుంది. భార్య చనిపోయాక ఆమె చెల్లెలిని చేసుకోవడానికి ఆ జాబితాలో అడ్డమేమీ లేదు. అన్నిటికంటే ముందు ఆ అమ్మాయిని అడిగారా?

ములుగు_టీచర్
అడగలేదనుకుంట. అదే నా బాధ. నేనే పోయి మాట్లాడత.

గీసుగొండ_రైతు
ఇవన్నీ పక్కన పెట్టి లగ్గం చేసేస్తె ఏమైతది? ఎవరు కేసు వేస్తరు?

నల్లకోటు_వరంగల్
హిందూ వివాహ చట్టం 18వ సెక్షన్ కింద నెల రోజుల దాకా సాదా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అది చిన్న విషయం. అసలు దెబ్బ అమ్మాయికి. రేపు అతనికేమన్నా అయితే ఆమె భార్య కాదని పాలోళ్ళు అంటారు. పింఛను దగ్గర, వారసత్వ సర్టిఫికెట్ దగ్గర, భూమి దగ్గర ప్రతిచోటా ఇదే లేస్తుంది. మ్యారేజ్ సర్టిఫికెట్ ఉన్నా చెల్లని పెళ్ళి చెల్లేది కాదు. పిల్లలకు మాత్రం రక్షణ ఉంది. 16వ సెక్షన్ ప్రకారం వాళ్ళు సక్రమ సంతానమే. తల్లిదండ్రుల వాటాలో వాళ్ళకు హక్కు ఉంటుందని 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

కాజీపేట_జంక్షన్
అక్కా, ఇంట్ల ఏమైంది?

హన్మకొండ_అక్క
నిన్న అందరం మామోళ్ళింట్ల కూసున్నం. ఇక్కడ చదివిందంత చెప్పిన. చిన్నమామకు కోపమొచ్చింది, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు ఇచ్చిండు. అమ్మమ్మకు అర్థం కాలే, "నా కండ్ల ముందల పుట్టినోళ్ళు, నాకు తెల్వదా వరస" అన్నది.

పెద్దమామ మెల్లగ అత్త దిక్కు చూసిండు. కోర్టుల ఆ మాట చెప్తవా అని. అత్త చాటల బియ్యం ఏరుతున్నది, తల ఎత్తలే. "నేను ఒప్పుకోలేదన్నది నిజమే. నన్నెవరూ అడగలే. గని వాడు నా కొడుకు కాదని నా నోటితోని అనిపియ్యకుండ్రి" అన్నది. తమ్ముడు లేచి ఆ చాట పక్కకు పెట్టి, "నిన్ను ఎవ్వరూ కోర్టుకు తీసుకపోరమ్మా" అన్నడు. ఆ పిల్ల లోపటి నుంచి అంతా విన్నది.

పూలుపండ్లు ఆపేసినం. పొద్దుగాల ఆ పిల్లతోని మాట్లాడిన. మనసు కుదుటపడెదాక ఎవ్వరూ ఇంకో సంబంధం ముచ్చట తీయొద్దన్నది. చిన్నమామకు గదే గట్టిగ చెప్పిన.

జగిత్యాల_చిన్నమ్మ
మంచి పని చేసినవ్ బిడ్డా. ఆ పిల్లను ఒంటరిగ ఇడువకు.

పరకాల_పటేల్
అత్త మాట చదివినంక ఇగ నేను ఏమనలేను.

వర్ధన్నపేట_బాపు
మొదటిసంది చదువుతున్న. మా చిన్న బిడ్డను మా అక్కకు దత్తత ఇద్దామని మాట నడుస్తున్నది. అక్కకు పిల్లలు లేరు. మా బావ అన్న కొడుకులు ఇద్దరున్నరు. మాకు ముందు నుంచి మనసుల ఆ పెద్ద పిలగాడే అల్లుడు అని ఉండె. ఇప్పుడు దత్తత ఇస్తే అది పోయినట్టేనా?

నల్లకోటు_వరంగల్
పోయినట్టే. మీ బిడ్డ మీ బావకు కూతురైతే, ఆ పిల్లలు ఆమెకు పెదనాన్న కొడుకులు, అన్నలు. ఆలోచించుకుని చేయండి. పెద్దయ్యాక ఎవరిని చేసుకోవాలన్నది ఎలాగూ ఆ పిల్ల ఇష్టం.

దత్తత ఇస్తే రిజిస్టర్ చేయించండి. మీ ఇద్దరూ, అక్కా బావా నలుగురూ సబ్ రిజిస్ట్రార్ ముందు సంతకం పెట్టాలి. మీ బావకూ పాపకూ మధ్య కనీసం 21 ఏళ్ళ తేడా ఉండాలి, అది చూసుకోండి. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం నేరం.

హన్మకొండ_అక్క
బాపూ, సంతకం కంటే ముందు మీ అక్కను ఒక్కదాన్నే కూసోబెట్టి అడుగుండ్రి, తనకు ఇష్టమేనా అని. బావ లేనప్పుడు.